ధనుర్మాసపు ఉదయాన రెండు చక్రాలపై

మంచు కురవని ఊరి చలికాలం గురించి వ్యాసమేమిటని షికాగో, మినియాపొలిస్, టొరాంటో నగరాల తెలుగువారు నవ్వుకోవచ్చు. అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో పారతో మంచు ఎత్తిపోసే శ్రమ లేదు. రోడ్లపై ఉప్పు చల్లే లారీలు తిరగవు. సంక్రాంతినాడు వాకిట ముగ్గు పెడితే సాయంత్రందాకా చెక్కుచెదరదు. మధ్యాహ్నపుటెండలో పొట్టిచేతుల చొక్కాతో పచార్లు చేయవచ్చు. అందుకే కొత్తగా మోటారుసైకిలు కొన్నవారికి, వేసవిలో 110 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో హెల్మెట్ పెట్టుకొని నేర్చుకోవడం కష్టమనీ, చలికాలంలోనే మొదలుపెట్టడం మంచిదనీ అనుభవజ్ఞులు సలహా ఇస్తుంటారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ సలహా అక్షరాలా నిజం. ఉదయం ఏడున్నరకు మాత్రం కాదు. ఉద్యోగానికి బయలుదేరేది ఏడున్నరకే.

చాండ్లర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. పశువైద్యుడైన డాక్టర్ ఎ.జె. చాండ్లర్ కాలువలు తవ్వించి, సాగులోకి తెచ్చిన భూమిని ముక్కలుగా అమ్మగా 1912లో ఏర్పడిన ఈ పల్లెకు 1980ల నుండి ఇంటెల్ కర్మాగారాల మూలంగా ఇంజనీర్ల రాక మొదలైంది. ఊరికి దక్షిణాన ఒకొటిల్లో ప్రాంగణం పెరిగేకొద్దీ డాబ్సన్ రోడ్డు, ఆల్మా స్కూల్ రోడ్డు, ప్రైస్ రోడ్డు చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఇంట్లో ఒక కారు చాలని కుటుంబం, రెండవ కారు బదులు నాలుగైదు మైళ్ళ ప్రయాణానికి ఒక చిన్న మోటారుసైకిలు కొనాలనుకోవడం వింత కాదు. ఇంజనీరింగు కాలేజీ రోజుల్లో నాన్నగారు కొనివ్వని బండిని ముప్పై ఏళ్ళ వయసులో సొంత జీతంతో కొనుక్కునేవారూ ఉంటారు. ఈ కొత్తవారిలో ఆడపిల్లలూ తక్కువ కాదు.

వీరిలో పలువురు నిజానికి కొత్తవారమని ఒప్పుకోరు. గుంటూరులోనో వరంగల్లులోనో లూనా తోలారు, బజాజ్ చేతక్ ముందు నిలబడి నాన్నగారితో బడికి వెళ్ళారు, హీరో హోండా మీద ముగ్గురెక్కి సినిమాకు పోయారు. ఆ అనుభవం వృథా కాదు; కాని దానికొక పరిమితి ఉంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారుసైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశోధించి 1981లో ఒక నివేదిక వెలువరించింది. ప్రమాదానికి గురైనవారిలో సగంమందికి పైగా తాము నడుపుతున్న ఆ బండితో అయిదు నెలల పరిచయమైనా లేనివారే. అంతకుముందు వేరే బండ్లపై వారికున్న అనుభవం దాదాపు మూడేళ్ళు. బండి మారినా, ఊరు మారినా, రోడ్డుకు ఏ పక్కన నడవాలో మారినా, పాత అనుభవం కొంతకాలం అక్కరకు రాదు. ఎడమవైపు నడిచే దేశం నుండి కుడివైపు నడిచే దేశానికి వచ్చినవారి విషయంలో ఇది మరింత నిజం.

ఇక చలి సంగతి. డిసెంబరు మధ్యనుండి జనవరి మధ్యదాకా, అంటే మన ధనుర్మాసమంతా, చాండ్లర్‌లో పగటి ఉష్ణోగ్రత 65 నుండి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు పెరిగి, తెల్లవారేసరికి 40 ప్రాంతానికి, అంటే నాలుగైదు డిగ్రీల సెల్సియస్‌కు దిగజారుతుంది. కొన్ని రాత్రులు నీరు గడ్డకట్టే దాకా పోతుంది. పొరుగునున్న ఫీనిక్స్‌లో 1913 జనవరి 7న 16 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. ఆదిలాబాదు, లంబసింగి ప్రాంతాలవారికి ఈ చలి పరిచయమే. బందరు, విజయవాడ వారికి మాత్రం ఇంత తేడా వింతగా తోస్తుంది. కారణం గాలిలోని తేమ. పగలు వేడెక్కిన నేల రాత్రివేళ పరారుణ కిరణాల రూపంలో ఆ వేడిని ఆకాశానికి వదులుతుంది. గాలిలో నీటి ఆవిరి సమృద్ధిగా ఉంటే అది ఆ కిరణాలను గ్రహించి కొంత వేడిని తిరిగి నేలకు పంపుతుంది. కోస్తా ప్రాంతంలో ఆ కంబళి మందంగా ఉంటుంది. ఎడారిలో అది పలుచన. మబ్బులేని, గాలి వీచని రాత్రి నేల తన వేడినంతా నిర్మొహమాటంగా పోగొట్టుకుంటుంది.

ఈ చల్లబడటం సూర్యోదయం వరకు ఆగదు. కనిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు పొద్దుపొడిచే వేళకే. చాండ్లర్‌లో ఏడాది మొత్తంమీద సూర్యుడు అతి ఆలస్యంగా ఉదయించేది జనవరి మొదటివారంలో, ఏడుగంటల ముప్పైమూడు నిమిషాల ప్రాంతంలో. (అతి పొట్టి పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వచ్చినా, భూమి కక్ష్య పూర్తి వృత్తం కానందువల్లా, భూమి అక్షం వాలి ఉన్నందువల్లా అతి ఆలస్యపు ఉదయం కొద్దిరోజుల తరువాత వస్తుంది.) కనుక ఆఫీసుకు బయలుదేరే ముహూర్తమూ, రోజులోకెల్లా చల్లని ఘడియా ఒక్కటే అవుతున్నాయి. కారులో పోయేవాడు ఈ కాకతాళీయాన్ని ఎన్నడూ గమనించడు. మోటారుసైకిలు మీద పోయేవాడు అంతకంటే సూక్ష్మమైన తేడాలు కూడా గ్రహిస్తాడు: కాలువ దాటేటప్పుడు, దక్షిణాన ఇంకా మిగిలివున్న లూసర్న్ గడ్డి పొలాల పక్కన, వర్షపునీటి కోసం తవ్విన పల్లాల దగ్గర మోకాళ్ళకు చటుక్కున చల్లదనం తగులుతుంది. చల్లగాలి బరువైనది కనుక పల్లాలలోకి నీటివలె జారి నిలుస్తుంది.

నిలబడినవాడికి 40 డిగ్రీల చలి ఒక రకం, గంటకు 45 మైళ్ళ వేగంతో పోయేవాడికి మరొక రకం. శరీరాన్ని అంటిపెట్టుకొని కొద్ది మిల్లీమీటర్ల మందాన ఒక నిశ్చలమైన వెచ్చని గాలిపొర ఉంటుంది. గాలి వేగం ఆ పొరను ఊడ్చివేస్తుంది. ఈ నష్టాన్ని కొలిచే తొలి ప్రయత్నం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అంటార్కిటికాలో జరిగింది. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్లాస్టిక్ గొట్టంలోని నీరు ఏ గాలికి ఎంతసేపటిలో గడ్డకడుతుందో చూచి ఒక సూత్రం తయారుచేశారు. దానిని అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001లో సవరించాయి. ఆ సవరించిన సూత్రం ప్రకారం 40 డిగ్రీల గాలి 45 మైళ్ళ వేగంతో తాకితే బయటపడిన చర్మానికి అది 26 డిగ్రీల చలితో సమానం. అంటే మైనస్ మూడు సెల్సియస్. ఇందులో ఒక అపోహకు తావివ్వరాదు. ఇంజనుగాని, టైరుగాని, హ్యాండిలుగాని 26 డిగ్రీలకు దిగవు. గాలి ఎంత వేగంగా వీచినా ఏ వస్తువూ గాలి ఉష్ణోగ్రతకంటే చల్లబడదు, అది తడిగా ఉంటే తప్ప. శరీరం వేడిని పోగొట్టుకునే వేగమే ఈ అంకెకు అర్థం.

మరి శరీరం ఈ నష్టాన్ని ఎలా ఎదుర్కొంటుంది? ఒక పాతకాలపు గృహయజమానివలె ముందు దూరపు ఖర్చులు తగ్గిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు, మెదడు చల్లబడకూడదు కనుక వేళ్ళకు, పాదాలకు పోయే రక్తనాళాలను కుదిస్తుంది. హ్యాండిలు పట్టుకొని గాలికి ఎదురుగా ఉన్న వేళ్ళకు అసలే విస్తీర్ణం హెచ్చు, కండ తక్కువ. పది నిమిషాలలో అవి మొద్దుబారుతాయి. చర్మపు ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోయినప్పటినుండి వేళ్ళ నేర్పు సడలుతుంది. ఇంకా దిగితే స్పర్శజ్ఞానం కూడా పోతుంది. వేళ్ళు మళ్ళీ వెచ్చబడేటప్పుడు సూదులు గుచ్చినట్లుండే బాధ అందరికీ తెలిసినదే. చల్లబడిన వేళ్ళలోకి శరీరం నడుమనడుమ కొంత రక్తం వదిలి మళ్ళీ బిగించుకుంటుందని సర్ థామస్ లూయిస్ 1930లో గుర్తించాడు. వేలు పూర్తిగా పాడుకాకుండా శరీరం చేసే ఏర్పాటు అది.

వేళ్ళు మొద్దుబారితే కొంపేమి మునుగుతుందనిపించవచ్చు. ఈ వ్యాసానికి కేంద్రమైన విషయం ఇక్కడే ఉంది. మోటారుసైకిలును ఆపగల అసలు బ్రేకు ముందు చక్రానిది. దానిని పట్టేది కుడిచేతి వేళ్ళు.

మనదేశంలో స్కూటరు నేర్పిన ప్రతి బాబాయీ, ప్రతి మామయ్యా చెప్పిన మాట ఒకటి ఉంది: "ముందు బ్రేకు పట్టుకోకురా, బోల్తా పడతావు, కాలి బ్రేకు తొక్కు." గులకరాళ్ళ రోడ్లమీద, చిన్న చక్రాల స్కూటర్లకు, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలో ఆ మాటకు కొంత విలువ ఉండేది. చాండ్లర్ రోడ్లకు అది పనికిరాదు. బండి వేగం తగ్గేటప్పుడు జడత్వం వల్ల బరువంతా ముందుకు తూగుతుంది. కారులో బ్రేకు వేస్తే ముందుభాగం కిందికి వంగడం చూచినవారికి ఇది కొత్త కాదు. చిన్న మోటారుసైకిలుకు రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, మనిషితో సహా గరిమనాభి ఎత్తు 65 సెంటీమీటర్లు అనుకుంటే, గట్టిగా బ్రేకు పట్టినప్పుడు మొత్తం బరువులో 85 శాతం ముందు చక్రం మీదకు చేరుతుంది. వెనుక చక్రానికి 15 శాతం మిగులుతుంది. బరువు లేని చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు. గంటకు 45 మైళ్ళ వేగంలో పొడి రోడ్డుమీద రెండు బ్రేకులూ చక్కగా వాడినవాడి బండి దాదాపు 95 అడుగులలో ఆగుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే నమ్ముకున్నవాడి బండి ఆగడానికి సుమారు 260 అడుగులు కావాలి. ఇది కాలేజీ భౌతికశాస్త్రంలో చదివిన జడత్వమూ, ఘర్షణ గుణకమూ ఉపయోగించి కాగితంపై ఎవరైనా లెక్కకట్టి చూసుకోగల సంగతి. హర్ట్ నివేదిక కూడా ఇదే చూపింది: ఆపదలో చాలామంది వెనుక చక్రాన్ని బిగబట్టి జారారు, ముందు బ్రేకును చాలినంతగా వాడలేదు. ఆపద కనిపించిన క్షణంనుండి ఢీకొనే వరకు వారికి దొరికిన వ్యవధి రెండు సెకన్లకంటే తక్కువ.

ఆ రెండు సెకన్లలో, 45 మైళ్ళ వేగంలో, బండి సెకనుకు 66 అడుగులు పోతుంది. చలికి కొయ్యబారిన వేలు మీటను అందుకోవడంలో, ఎంత పట్టిందో తెలుసుకోవడంలో అర సెకను ఆలస్యమైతే 33 అడుగులు, అంటే రెండు కార్ల పొడవు, బ్రేకు పడకముందే గడిచిపోతుంది. చలికి నరాలలో సంకేతాల వేగం తగ్గడం నిజమే; కాని ఆ ఆలస్యం సెకనులో కొన్ని వందవ వంతులే. అసలు నష్టం వేరు. ముందు బ్రేకును లాగి పట్టకూడదు, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. ఎంత బిగిసిందో చెప్పేది వేలికొసల స్పర్శ. స్పర్శ లేని వేలు అయితే చాలనంత పడుతుంది, లేదా చక్రం జారేంత పడుతుంది. కొత్తవారికి ఈ బిగింపు ఇంకా చేతికి అలవడి ఉండదు కనుక వారు పూర్తిగా స్పర్శమీదే ఆధారపడతారు. పాతికేళ్ళు నడిపినవాడికంటే నాలుగు వారాలు నడిపినవాడికి చలి ఎక్కువ ప్రమాదకరం కావడం అందువల్లనే. (ఈ మధ్య వచ్చే బండ్లలో కొన్నింటికి చక్రం బిగుసుకుపోకుండా చూచే ఏర్పాటు ఉంటోంది. కొత్తవారు కొనేటప్పుడు దానికి రెండు మూడు వందల డాలర్లు అదనంగా అయినా వెనుదీయకూడదు.)

నివారణ కూడా శరీరశాస్త్రమే చెబుతుంది. చాలామంది మందపాటి చేతితొడుగులు కొని సరిపెట్టుకుంటారు. అతి మందమైతే అదొక కొత్త మొద్దుదనం. వేళ్ళకు వెచ్చదనం తెచ్చేది రక్తం. రక్తాన్ని వేళ్ళదాకా పోనిచ్చేది ఛాతీ, వీపు వెచ్చగా ఉన్నాయన్న భరోసా. గుండెల మీద గాలి చొరకుండా చూసుకుంటే వేళ్ళకు రక్తం దానంతటదే చేరుతుంది. ఇంకొక సంగతి: వేళ్ళను ముడిచే కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. చొక్కా చేతులగుండా గాలి దూరి ముంజేయి చల్లబడితే, తొడుగులోని వేలు వెచ్చగానే ఉన్నా పిడికిలిలో బలం తగ్గుతుంది. కనుక తొడుగు మణికట్టు దాటి జాకెట్టు చేతిని కప్పేంత పొడుగుండాలి. వెనుకటి రోజుల్లో మన ఊళ్ళలో తెల్లవారుజామున స్కూటరు మీద పొలానికో, రైలుస్టేషనుకో పోయే పెద్దలు చొక్కాలోపల నిన్నటి దినపత్రికను మడిచి పెట్టుకునేవారు. దాన్ని పేదరికమనో చాదస్తమనో నవ్వినవారున్నారు. గాలిని చొరనీయని పొర బయట, నిశ్చలమైన గాలిని పట్టి ఉంచే పొర లోపల ఉండాలన్న సూత్రానికి అంతకంటే చవకైన సాధనం ఇప్పటికీ లేదు.

మఫ్లరు విషయంలో మాత్రం పాత అలవాటు మానుకోవాలి. కొసలు వేలాడే మఫ్లరైనా, చున్నీ అయినా వెనుక చక్రంలో చిక్కుకోగలదు. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో మరణించినది మెడలోని పొడవాటి వస్త్రం కారు చక్రానికి చుట్టుకొనే. మెడను కప్పే కుట్టు గొట్టాలు అంగళ్ళలో దొరుకుతాయి. మంకీ క్యాపు హెల్మెట్ లోపల ఇమడదు. దానిని సంక్రాంతికి వచ్చిన తాతగారికి, ఆయన ఉదయపు నడకకు వదిలిపెట్టడమే మేలు.

టైర్లకూ చలి ఉంటుంది. రబ్బరు రోడ్డును పట్టుకునేది అది మెత్తగా ఉండి, తారులోని సూక్ష్మమైన ఎత్తుపల్లాలలోకి ఒదిగి, మళ్ళీ విడివడేటప్పుడు శక్తిని కోల్పోవడం వల్ల. చల్లని రబ్బరు బిరుసెక్కి అంతగా ఒదగదు. కొంతదూరం పోయాక వంగుతూ లేస్తూ టైరు తనంతట తాను వెచ్చబడుతుంది. కాని నాలుగు మైళ్ళ ప్రయాణంలో అది వెచ్చబడేలోపే ఆఫీసు వస్తుంది. లోపలి గాలి పీడనం కూడా తగ్గుతుంది. మధ్యాహ్నం 70 డిగ్రీల వేడిలో 30 పౌండ్లకు నింపిన టైరు మరునాటి ఉదయం 40 డిగ్రీల చలిలో 27న్నర పౌండ్లు చూపుతుంది. ఎక్కడా రంధ్రం పడలేదు, వాయుసూత్రం తన పని తాను చేసింది. గాలి చూసుకోవలసింది ఉదయం, బండి కదలకముందు. ఇక చాండ్లర్‌లో చలికాలపు పచ్చిక కోసం తెల్లవారుజామున తిరిగే నీటిచిమ్మెనలు రోడ్డు అంచులను తడుపుతాయి. అరుదుగా వచ్చే గడ్డకట్టే ఉదయాలలో ఆ తడి కనిపించని అద్దమవుతుంది. మంచు లేని ఊరిలో మంచు దొరికే చోటు అదొక్కటే, అదీ మలుపు తిరిగే మూలలో. పసిఫిక్ మీదనుండి వచ్చే శీతకాలపు వాన కూడా అంతే. నెలల తరబడి రోడ్డుమీద రాలిన నూనెను మొదటి పావుగంట వాన పైకి తేల్చుతుంది. ఆ పావుగంట ఆఫీసులోనే ఇంకో కాఫీ తాగడం తెలివైన పని.

ఇంజను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పాత కార్బురేటరు బండ్లకు చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక చోకు లాగాలి. కొత్త బండ్లలో ఆ పని యంత్రమే చూసుకుంటుంది. బ్యాటరీలు మాత్రం ఒక చమత్కారం చేస్తాయి. వాటిని చంపేది అరిజోనా ఎండ. శవం బయటపడేది మొదటి చలి ఉదయాన. వేసవి వేడికి లోపలి పలకలు క్షీణించి ఉంటాయి; చలిలో రసాయన చర్య మందగించినప్పుడు ఆ లోపం తెలిసివస్తుంది.

వేళ్ళు వెచ్చగా ఉండి, టైర్లలో గాలి సరిగా ఉండి, బ్రేకు చక్కగా పట్టడం వచ్చినా, ఎదుటివాడికి కనిపించకపోతే ప్రయోజనం లేదు. చాండ్లర్ రోడ్లు చదరంగపు పలకవలె మైలుకొకటి చొప్పున తూర్పు పడమరలుగా, ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. ప్రతి కూడలిలో ఎదురుగా వచ్చే కారు ఎడమవైపు తిరిగేందుకు కాచుకొని ఉంటుంది. హర్ట్ నివేదికలో నాలుగింట మూడువంతుల ప్రమాదాలు మరో వాహనంతో ఢీకొన్నవే. వాటిలో మూడింట రెండువంతులలో ఎదుటి వాహనం మోటారుసైకిలు దారిని అడ్డగించింది. అందులోనూ అగ్రస్థానం ఈ ఎడమ మలుపుదే. ఆ డ్రైవర్లు చెప్పిన మాట దాదాపు ఒక్కటే: తాము చూడలేదని. అది అబద్ధం కానక్కరలేదు. ఎదురుగా వచ్చే వస్తువు దూరాన్ని, వేగాన్ని మన కన్ను లెక్కగట్టేది కంటితెరమీద దాని బొమ్మ పెరిగే తీరునుబట్టి. సన్నని బండి బొమ్మ చాలాసేపు చుక్కవలె ఉండి, ఆఖరి క్షణంలో హఠాత్తుగా ఉబ్బుతుంది. చిన్నదిగా కనిపించేది దూరంగా ఉన్నట్టు తోచడం కూడా కంటికి సహజం. కూడలి సమీపిస్తున్నప్పుడు వేగం కొంచెం తగ్గించి, తన వరుసలోనే కాస్త పక్కకు జరిగితే ఆ చుక్క కదులుతుంది. కదిలేదాన్ని కన్ను పట్టుకుంటుంది.

దీనికి చలికాలపు సూర్యుడు తోడవుతాడు. డిసెంబరులో చాండ్లర్ సూర్యుడు నడిమధ్యాహ్నమైనా 33 డిగ్రీలకంటే పైకెక్కడు. అదే రోజున విజయవాడలో 50 డిగ్రీలు ఎక్కుతాడు. ఉదయం ఎనిమిదింటికి ఆగ్నేయ దిక్కున నాలుగైదు డిగ్రీల ఎత్తులో, కార్ల అద్దాలలోకి సూటిగా చూస్తుంటాడు. ఇప్పుడొక చిన్న చిత్రం ఊహించుకోవాలి. కొత్తగా నేర్చుకున్న అమ్మాయి ఉదయంపూట చాండ్లర్ బులవార్డు మీద పడమరగా పోతోంది. సూర్యుడు వీపువైపు. ఆమెకు కళ్ళు చెదరడంలేదు; ముందున్న రోడ్డు, దీపాలు, ఎదురుగా వచ్చే కార్ల నంబర్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. వీపుకు కాస్త ఎండ తగులుతోంది. ఆ ఉదయంలోకెల్లా హాయిగా అనిపించే ఘడియ అది. సరిగ్గా అప్పుడే ఎదురుగా తూర్పుముఖంగా నిలిచి ఎడమకు తిరగబోతున్న డ్రైవరు వెలుగులోకి చూస్తున్నాడు. ఆ వెలుగులో ఆమె ఒక నల్లని గీత, లేదా అదీ కాదు. ఆమెకు అన్నీ కనిపించడమే ఆమె కనిపించకపోవడానికి గుర్తు.

దీనిని కనిపెట్టేందుకు పరికరమేదీ అక్కరలేదు. నీడ చాలు. సూర్యుడు అయిదు డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ అసలు ఎత్తుకు పదకొండు రెట్లు సాగుతుంది. బండి నీడ తనకు ముందుగా పొడవుగా పడుతోందంటే ఎదురు వచ్చేవారందరి కళ్ళలో సూర్యుడున్నట్టే లెక్క. అప్పుడు ఎడమకు తిరగడానికి నిలిచిన ప్రతి కారూ తిరిగే తీరుతుందని అనుకొని నడపాలి. నీడ వెనుక పడుతుంటే కళ్ళు చెదిరేది తనకే. ముందు వాహనానికి దూరం పెంచాలి. సాయంత్రం అయిదు గంటలకు ఇల్లుచేరేటప్పుడు ఇదే లెక్క దిక్కు మారి వర్తిస్తుంది. అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది కనుక ఉదయం పెట్టుకున్న నల్లద్దపు ముసుగు తిరుగు ప్రయాణానికి పనికిరాదు.

అరిజోనా చట్టం పద్ధెనిమిదేళ్ళు దాటినవారిని హెల్మెట్ పెట్టుకోమని బలవంతపెట్టదు. బండికి గాలి అద్దం లేకపోతే కంటిరక్షణ మాత్రం తప్పనిసరి అంటుంది. చట్టం ఇచ్చిన ఈ స్వేచ్ఛను అనుభవించవలసిన అవసరం మనవారికెవరికీ లేదు. హెల్మెట్ వల్ల మోటారుసైకిలు నడిపేవారి మరణాలలో 37 శాతం తప్పుతాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. చలిలో అది చెవులు, దవడలు కాపాడే టోపీ కూడా. ఊపిరి ఆవిరి ముసుగు అద్దంమీద పేరుకుంటే అద్దాన్ని వేలిమందం పైకెత్తి ఉంచితే చాలు. ఎడారి గాలి పొడిది కనుక ఆ ఆవిరి వెంటనే ఎగిరిపోతుంది. మరొక చట్టం మనవారికి ముచ్చటగా ఉంటుంది. 2022నుండి అరిజోనాలో, వేగపరిమితి 45 మైళ్ళకు మించని రోడ్డుమీద, ఒకే దిక్కుకు రెండు వరుసలైనా ఉన్నచోట, కార్లు పూర్తిగా నిలిచిపోయి ఉంటే వాటి నడుమ నుండి మోటారుసైకిలు 15 మైళ్ళకు మించని వేగంతో ముందుకు పోవచ్చు. అబిడ్స్‌లోనో బెంజి సర్కిల్‌లోనో పెరిగినవారు దీన్ని నేర్చుకోనక్కరలేదు. కార్లు కదలగానే మానుకోవడం మాత్రం నేర్చుకోవాలి.

చలిలో ఇంకొక సూక్ష్మం ఉంది. వణికేవాడు భుజాలు బిగించి హ్యాండిలును గట్టిగా పట్టుకుంటాడు. నడుస్తున్న రెండు చక్రాల బండి కొంతవరకు తనంతట తానే నిలదొక్కుకుంటుంది. పక్కకు ఒరిగితే ముందు చక్రం ఆ వైపే కొద్దిగా తిరిగి బండిని లేపుతుంది. దీనికి కారణం బొంగరపు గుణమని చాలాకాలం చెప్పుకున్నారు. అమెరికాలోని కోర్నెల్, హాలెండులోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ గుణాన్ని తొలగించిన ఒక సైకిలును తయారుచేసి, అదీ నిలబడగలదని 2011లో నిరూపించారు. కారణాలు ఏవైనా, ముందు చక్రానికి తిరిగే స్వేచ్ఛ కావాలి. బిగుసుకున్న చేతులు ఆ స్వేచ్ఛను హరిస్తాయి. బండి వణుకుతున్నట్టనిపిస్తే చాలాసార్లు వణుకుతున్నది మనిషే.

ఇవన్నీ విన్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంత ఉన్నప్పుడు ఆ బండి ఎందుకు? అడగదగిన ప్రశ్నే. అమెరికాలో మైలుకు మైలు పోల్చితే మోటారుసైకిలు మీద మరణావకాశం కారులో ఉన్నవారికంటే ఇరవైరెట్లకు పైన. ఏటా ఆరువేలమందికి పైగా పోతున్నారు. దీనిని దాచిపెట్టి కొడుకునో కోడలినో వెనకేసుకురావడం తగదు. కాని ఆ అంకెలో తాగి నడిపినవారు, హెల్మెట్ లేనివారు, శిక్షణ పొందనివారు, రహదారిపై నూరు మైళ్ళ వేగంతో పోయినవారు అందరూ కలిసి ఉన్నారు. ఇంటిలో జరగవలసిన చర్చ "వద్దు", "నా ఇష్టం" అన్న రెండు మాటలతో ముగియకూడదు. వారాంతపు శిక్షణ తరగతికి వెళ్ళావా, లైసెన్సులో మోటారుసైకిలు అనుమతి చేర్పించావా, చిన్న ఇంజనుతో 101, 202 రహదారులెక్కకుండా ఊరి రోడ్లమీదుగానే పోతున్నావా, ఖాళీ పార్కింగు స్థలంలో ముందు బ్రేకు పట్టడం ఎన్నిసార్లు సాధన చేశావు అని అడగడం ప్రయోజనకరం. ఆఫీసు ఒప్పుకుంటే ఏడున్నర బదులు తొమ్మిదింటికి బయలుదేరడం వీటన్నింటికంటే సులభం. ఆ గంటన్నరలో సూర్యుడు పైకెక్కుతాడు, గాలి వెచ్చబడుతుంది, తడిసిన రోడ్డు అంచులు ఆరుతాయి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలమాట. చాండ్లర్‌లోనూ దాదాపు అంతే. చేతితొడుగులు అలమరలో పెట్టేయవచ్చు. వెలుతురు సంగతి మాత్రం అప్పుడు మొదలవుతుంది. డిసెంబరులో తూర్పుకు 28 డిగ్రీలు దక్షిణంగా ఉదయించిన సూర్యుడు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతూ మార్చి 20 ప్రాంతంలో సరిగ్గా తూర్పున, అంటే రే రోడ్డు, చాండ్లర్ బులవార్డుల చివర రోడ్డు నడుమనే పైకి వస్తాడు. ఆఫీసుకు పోయే వేళకు ఇంకా కార్ల అద్దాల ఎత్తులోనే ఉంటాడు. చలి పోయిందని హుషారుగా బయలుదేరే ఆ రెండు మూడు వారాలు ఉదయంపూట పడమరకు, సాయంత్రంపూట తూర్పుకు పోయేవారు తమ నీడ ఎటు పడుతోందో ప్రతి కూడలికీ ముందు ఒకసారి చూసుకోవాలి.